నీలం కలిపిన సున్నం

పోయిన నెల రెండో శనివారం ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు, నలభై నాలుగేళ్ళ విరామం తరువాత, నేను ఆ ఇంటి మెట్లు మళ్ళీ ఎక్కాను. మెట్లు ఏడు. చిన్నప్పటి నోటుబుక్కులోనూ ఏడనే రాసి ఉంది కనుక, ఆ విషయంలో మ్యూజియం వారు మార్చినదేమీ లేదని తృప్తిపడ్డాను. వరండా పైకప్పు అప్పటిలాగే లేత నీలం. తలుపు పక్కన మాత్రం కొత్తగా ఒక ఇత్తడి పలక, దాని మీద లూసిండా పేటన్ అనే పేరు, ఆ పేరు కింద ఆమె ఈ పట్టణంలో సొంత పరిశ్రమ నెలకొల్పిన తొలి నల్లజాతి మహిళ అన్న వాక్యం. లోపల ఎక్కడ నిలబడవచ్చో ఎక్కడ నిలబడకూడదో తెలిసేలా తాళ్ళు కట్టారు. మేము రెండేళ్ళ తొమ్మిది నెలలు కాపురమున్న మేడగదులకు దారితీసే మెట్ల దగ్గర ‘కార్యాలయం, సందర్శకులకు ప్రవేశం లేదు’ అని రాసి ఉంది. అమ్మ చేతికర్ర ఆనించుకుని నిలబడి ఆ అక్షరాలను చాలాసేపు చదివి, “మన వంటిల్లు ఆఫీసయిందన్నమాట,” అంది. ఆమెకు ఎనభై నిండాయి.

మేమిద్దరమే రాలేదు. అట్లాంటా పక్క అల్ఫారెట్టాలోని మా తెలుగు చర్చి సంఘం వారు, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లలకు ఈ దేశపు దక్షిణాది చరిత్ర కొంతైనా చూపించాలని రెండు వ్యాన్లు మాట్లాడారు. పిల్లలు తొమ్మిదిమంది, పెద్దలు ఐదుగురు. ఎక్కడికి వెళ్ళాలనే జాబితాలో ఈ ఇంటి పేరు పెట్టింది పాస్టరమ్మగారు. మేము ఒకప్పుడు ఇక్కడ ఉన్నామని ఆమెకు తెలియదు. అమ్మ మొదట రానంది. మోకాళ్ళంది, ఎండంది. ముందురోజు సాయంత్రం మాత్రం గంజిపెట్టిన తెల్లచీర తీసి ఇస్త్రీ చేయించుకుని కుర్చీ మీద మడతపెట్టుకుంది. ఆమె ఎందుకు రానన్నదో, తరువాత ఎందుకు వస్తానన్నదో, రెండు వ్యాన్లలోని పద్నాలుగుమందిలో నాకొక్కదానికే తెలుసు. నాన్న ఉండి ఉంటే ఆయనకు కూడా తెలిసేది కాదు.

నాన్న ఆ పట్టణంలోని నల్లవారి కళాశాలలో గణితం చెప్పేవారు. డెబ్బైల చివర మేము వచ్చినప్పుడు, అద్దె ఇంటి కోసం ఆయన రెండు ఆదివారాలు తిరిగారు. ఫోనులో ఖాళీగా ఉందన్న ఇల్లు, గుమ్మం దగ్గర మమ్మల్ని చూసేసరికి ఇంకెవరికో ఇచ్చేసిన ఇల్లయ్యేది. అలాంటివి ఆరు. ఏడోది మిస్ అడెల్ ఇల్లు. కళాశాల గుమాస్తా ఒకాయన చెప్పి పంపాడు. ఆవిడ వరండాలో కూర్చుని అక్రోటు జాతి పీకాన్ కాయలు ఒలుస్తూ, నాన్న చెప్పినదంతా విని, ఎంతమందిమని గానీ ఏం తింటామని గానీ అడగకుండా, మేము సోమవారాలు పంపునీళ్ళు ఎక్కువ వాడతామా అని మాత్రం అడిగింది. సోమవారం ఆ ఇంట్లో బట్టలుతికే రోజు. ఆ రోజు నీళ్ళ ధార తగ్గితే ఆవిడకు కోపం. ఆ ఒక్క షరతు మీద మేడ మాదయింది.

మిస్ అడెల్‌కు అప్పటికి డెబ్బై రెండేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ముప్పైయేడేళ్ళు బడిపంతులమ్మగా పనిచేసి పదవీ విరమణ చేసింది. లూసిండా పేటన్ ఆవిడకు మేనత్త. పెంచింది కూడా ఆమే. మా ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు అమ్మ ఆవిడను ‘మామ్మగారు’ అనేది. ఆ ఇంటి వాసనలు నాకు రోజుల వారీగా జ్ఞాపకం. సోమవారం సబ్బు, మరిగే నీరు. మంగళవారం ఇస్త్రీపెట్టె కింద కాగే గంజి. బుధవారం దేవదారు పెట్టె తెరిచినప్పుడు వచ్చే ఘాటు. ఉతికి ఆరిన దిండు గలీబుల మీద ఆవిడ చిల్లుల మూత బిగించిన సోడాబుడ్డితో నీళ్ళు చల్లి, చుట్టచుట్టి, ఫ్రిజ్‌లో పాలసీసాకూ గుడ్ల అట్టకూ మధ్య రాత్రంతా పెట్టేది. తేమ సమంగా పాకితే గాని ఇస్త్రీ నిలవదని ఆవిడ సిద్ధాంతం. మొదటిసారి ఆ ఫ్రిజ్ తెరిచి చూసిన నాన్న, మేడమీదికి వచ్చి ఎంతో గంభీరంగా, కింద బట్టలు కూడా వండుకుంటారేమో అన్నారు.

అమ్మకూ ఆవిడకూ స్నేహం కుదిర్చింది గంజే. మేము వచ్చిన మూడో వారంలో అమ్మ అన్నం వార్చిన గంజిలో నేతచీర ముంచి పెరటి తీగ మీద ఆరేసింది. మిస్ అడెల్ వచ్చి, ఆ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నలిపి చూసి, ఇది ఏ అంగడి పొడి అని అడిగింది. అంగడిది కాదు, బియ్యానిదని నేను చెప్పాను. ఆ తరువాత ప్రతి మంగళవారం మా గంజి ఒక గిన్నెడు కిందికి దిగేది, ఆవిడ పీకాన్ పప్పు ఒక గిన్నెడు పైకి ఎక్కేది. అమ్మ ఆ పప్పు వేయించి ఎండుమిర్చీ వెల్లుల్లీ వేసి పొడి కొట్టేది. అమ్మ ఇంగ్లీషు అప్పటికి కూరగాయల దుకాణానికి సరిపడేంత. పెద్ద మాటలకు నేను మధ్యవర్తిని. అందువల్ల మిస్ అడెల్ మాటలు చాలావరకు నాకు తెలుగులోనే గుర్తున్నాయి, అమ్మకు వినిపించిన రూపంలో. వరండా పైకప్పుకు నీలం రంగు ఎందుకని నాన్న అడిగినప్పుడు, తిరుగాడే దయ్యాలు దాన్ని నీళ్ళనుకుని దాటలేవని ఆవిడ చెప్పింది. నాన్న నవ్వారు. “ఇన్నాళ్ళుగా ఇక్కడ ఉంటున్నారు ప్రొఫెసర్ గారూ, ఒక్క దయ్యమైనా కనబడిందా? మరి పనిచేస్తున్నట్టే కదా,” అంది ఆవిడ.

లూసిండా కథ శనివారాలు పీకాన్లు ఒలిచేటప్పుడు విడతలుగా వచ్చేది. పెరట్లో ఒక్క ఇనపకాగుతో మొదలుపెట్టిందట. తరువాత ఇటుక కట్టడం, ఆవిరియంత్రం, సొంత బండి, ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు. ఆ రోజుల్లో నల్లవాళ్ళు తెల్లవాళ్ళ ఇళ్ళకు దొడ్డిదారిన వెళ్ళాలి. అందుకని లూసిండా తన లాండ్రీకి దొడ్డితలుపే పెట్టించలేదు. బ్యాంకు యజమాని వచ్చినా, అతని వంటమనిషి వచ్చినా, ఇస్త్రీ చేసే పిల్ల వచ్చినా ఒకటే ముందు తలుపు. ఆ తలుపు గురించి చెప్పేటప్పుడు మిస్ అడెల్ ప్రతిసారీ ఒలుస్తున్న కాయను పక్కన పెట్టేది. ఆ కట్టడం ఎప్పుడో పోయింది. మిగిలింది ఈ ఇల్లు.

మేమున్న రోజుల్లో ఈ ఇల్లు కూడా పోయేలా అయింది. పట్టణంవారు రోడ్డు వెడల్పు చేయదలిచారు, గీసిన గీత మా వరండా మీదుగా వెళ్ళింది. దాన్ని ఆపగలిగేది ఒక్కటే: రాష్ట్ర రాజధాని నుంచి పాత ఇళ్ళను పరిశీలించే సంఘం ఒకటి వచ్చి, ఇది కాపాడదగిన ఇల్లని చెప్పడం. మిస్ అడెల్ వారికి పద్నాలుగు నెలలు ఉత్తరాలు రాసింది. చివరికి, క్రిస్మస్‌కు ముందు వారం గురువారం ఉదయం పదింటికి ముగ్గురు వస్తారని జవాబు వచ్చింది. ఆవిడ ప్రతి గదీ వాళ్ళకు చూపించాలని సర్దింది. వెనకవైపు ఎప్పుడూ సామాను నింపి తాళం వేసి ఉండే గది ఒకటి ఉండేది. దాన్నీ ఖాళీ చేయించింది. మంగళవారం, పక్క ఊళ్ళో చెల్లెలి దగ్గరున్న లూసిండా ఫోటో తేవడానికి బస్సెక్కుతూ, బుధవారం మధ్యాహ్నానికి వచ్చేస్తానని చెప్పి తాళంచెవులు అమ్మకిచ్చింది.

బుధవారం పొద్దున అమ్మా నేనూ ఇల్లు ఊడవడానికి కిందికి దిగాం. నాకు బడి సెలవులు. నాన్న పరీక్షపత్రాలు దిద్దడానికి కళాశాలకు వెళ్ళారు. ముందు గదిలో పియానో తుడిచాం, భోజనాల గదిలో అద్దాలు తుడిచాం, తరువాత వెనకగది తలుపు తీశాం. కిటికీ పక్క గోడంతా గోధుమనలుపు రంగు గుర్తులు. ఒక్కొక్కటి నా అరచేయంత. అమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. అవేమిటని అడగలేదు. నేనడిగితే, చూడగానే తెలిసినట్టు, “చాకలి గుర్తులు,” అంది. ఏ ఇంటి బట్టలు ఆ ఇంటికి తిరిగి చేరడానికి అంచున పెట్టే గుర్తులట. లూసిండాకు చదువు రాదని నాకు తెలుసు. గోడే ఆమె పుస్తకమని అప్పుడర్థమైంది. వంకర దంతం ఒకటి, రెండు పళ్ళ తాళంచెవి ఒకటి, ముక్కూ ముక్కూ ఆనించి పోట్లాడుతున్న రెండు కోడిపెట్టలు ఒకటి. పంటివైద్యుడూ, బ్యాంకాయనా, ఎప్పుడూ గొడవపడే అక్కచెల్లెళ్ళూ అయి ఉంటారని నేను సంబరపడుతున్నాను. అమ్మ సంబరపడలేదు.

“రేపు అంత పెద్దవాళ్ళు వస్తుంటే గోడనిండా చాకలి గుర్తులేమిటే? ఆవిడ పరువేం కావాలి?” అని, కొంగు నడుముకు దోపింది.

కోస్తాలో మా క్రైస్తవుల ఇళ్ళకు క్రిస్మస్ ముందు సున్నం వేయకపోతే పండుగ వచ్చినట్టు కాదు. ఇక్కడి ఇళ్ళకు సున్నం వేయడం కుదరక అమ్మ రెండు క్రిస్మస్‌లు వెలితిగా గడిపింది. పెరటి షెడ్డులో చెట్ల మొదళ్ళకు పూసే సున్నం బస్తా ఉంది. ఆ వెనకగదిలోనే, గూట్లో, బట్టలకు వేసే నీలం ఉండల డబ్బా ఉంది. అమ్మ సున్నం నానబెట్టి పాతచీర ముక్కలో వడకట్టింది. నిలవడానికి గిన్నెడు గంజీ గుప్పెడు ఉప్పూ కలిపింది. మూడు నీలం ఉండలు గుడ్డలో కట్టి, తెలుపు మెరిసేంత వరకు మాత్రమే తిప్పి తీసేసింది. నేను, వేసేముందు గుర్తులు లెక్కపెట్టనా అని అడిగాను. “పెట్టు, నీకదేగా పని,” అంది. నలభై ఒకటి. నోటుబుక్కులో రాసుకున్నాను. ఒక్క గుర్తు కూడా గీసుకోలేదు. లెక్కపెట్టేవాళ్ళలో ఉండే లోపం ఏమిటో నేను ఆ రోజు మధ్యాహ్నం నేర్చుకున్నాను, నేర్చుకుని కూడా మానలేదు. అమ్మ కిటికీ దగ్గర మొదలుపెట్టింది. అక్కడ ఎండ పడి తొందరగా ఆరింది కనుక రెండో పూత కూడా వేసింది. ఒంటిగంటకు గోడంతా పూర్తయింది. మల్లెపువ్వులా ఉంది. ఆమె నడుం నిమురుకుంటూ దూరం నుంచి చూసి, చాలా రోజుల తరువాత ఒక పాట కూనిరాగం తీసింది.

మిస్ అడెల్ రెండింటికి వచ్చింది. టోపీ తీయకుండానే, ఫోటో పొట్లాం చంకలో పెట్టుకుని, ఇల్లంతా చూస్తూ మెచ్చుకుంటూ వెనకగదికి చేరింది. గోడ చూసింది. బోర్లించిన తొట్టి మీద మెల్లగా కూర్చుంది. వాళ్ళు చూడ్డానికి వస్తున్నది పియానో కాదని, ఈ గోడనని, పద్నాలుగు నెలల ఉత్తరాల్లో ప్రతి ఉత్తరం ఈ గోడ గురించేనని చెప్పింది. నేను ఆ మాటలు అమ్మకు చెప్పాను, పరువని అమ్మ అన్న మాట ఆవిడకు చెప్పాను. అమ్మ చేతిలో కడిగి తెచ్చిన కుంచె ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు.

“ఎవరి పరువు కాపాడుతున్నావనుకున్నావు సుగుణా?” అని మిస్ అడెల్ అడిగింది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

అమ్మ ఆవిడ వైపు చూడలేదు. నా వైపు చూసి తెలుగులో చెప్పింది. “మా అమ్మమ్మ రేపల్లె పక్క ఊళ్ళో ఇంటింటి మైలబట్టలూ ఉతికింది. మా నాన్న మాస్టారయ్యాక ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. మీ నాన్నకీ తెలీదు. పెద్దవాళ్ళ ముందు ఈవిడకీ ఆ మచ్చ కనబడకూడదనుకున్నానే. చెప్పు, ఆవిడకి చెప్పు.”

నాకు పదకొండేళ్ళు. నా ముత్తవ్వ ఏం చేసేదో నేను అప్పుడే, మరో భాషలోకి మారుస్తూ, మొదటిసారి విన్నాను. మైలబట్టలకు మాట దొరకక, పరాయివాళ్ళ మురికిబట్టలన్నాను. మచ్చకు మాట దొరికింది. మిస్ అడెల్ ఆ మాట దగ్గర నన్ను ఆపి, మళ్ళీ చెప్పమంది. చెప్పాను. ఆవిడ అప్పుడు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“మచ్చను మనం తీసేస్తాం సుగుణా. గుర్తును ఎప్పటికీ పోకుండా పెడతాం. ఆ రెండూ వేరని తెలుసు కనుకే మా అత్త ఈ ఇల్లు కట్టింది.” గోడమీది గుర్తుల వైపు చూపి, “మీ అమ్మమ్మ దేనితో పెట్టేది?” అంది.

నల్లజీడి గింజలో సూది గుచ్చి, ఆ రసంతో అని అమ్మ చెప్పింది. ఆవిడ అది విని, తన అత్త వాల్‌నట్ తొక్కలు ఉడికించి ఆ రసంతో పెట్టేదని, రెండూ చావనైనా చస్తాయి గాని చెరగవని అంది. అలా అంటూనే లేచింది. సున్నం ఇంకా పచ్చిగా ఉందా అని గోరుతో గీకి చూసింది. దేవదారు పెట్టెలోంచి పాత దుప్పట్లు ఎనిమిది తీయించి, నీళ్ళలో ముంచి, పిండకుండా గోడకు అతికించమంది. తడి ఆరితే సున్నం రాయవుతుంది, ఆరనివ్వకపోతే పాలవుతుందని ఆవిడ లెక్క. మా ముగ్గురి చేతులకూ వాజిలిన్ పూసింది. ఒక్కొక్క దుప్పటీ తీసి, మెత్తటి గుడ్డతో పైనుంచి కిందికి మాత్రమే తుడుస్తూ, గుడ్డను ప్రతిసారీ మారుస్తూ వెళ్ళాం. మొదట తాళంచెవి పళ్ళు కనబడ్డాయి. తరువాత ఒక కోడిపెట్ట. రెండో కోడిపెట్ట బయటపడినప్పుడు మిస్ అడెల్, ఆ అక్కచెల్లెళ్ళు చచ్చిపోయాక కూడా విడిగా ఉండలేకపోయారంది. అమ్మ ఏడుస్తూనే నవ్వింది. నీళ్ళకు లొంగని చోట అమ్మ పైకి వెళ్ళి చింతపండు నానబెట్టి తెచ్చి, ఇత్తడి బిందె తోమే వేళ్ళతోనే, ఎంతో తేలికగా, ఒక్కొక్క గుర్తు చుట్టూ తుడిచింది. చింతపండు పులుపుకు సున్నం విడిచింది, వాల్‌నట్ రసం విడవలేదు. చీకటి పడేలోగా ముప్పై ఎనిమిది వచ్చాయి.

కిటికీ పక్క, రెండో పూత వేసి ఎండలో ఆరిన చోట మాత్రం సున్నం గోడయిపోయింది. అక్కడ మూడు గుర్తులు. అమ్మ ఇంకా రుద్దబోతే పెచ్చుతో పాటు గోడ మట్టే రాసాగింది. మిస్ అడెల్ ఆమె మణికట్టు పట్టుకుని ఆపి, ఇక చాలు, అది అలాగే ఉండనీ అంది. అమ్మ వేలికొసలు అప్పటికే పొక్కిపోయాయి. గుమ్మం దగ్గర అమ్మ నా చేత ఇంకొక్క మాట అడిగించింది: తన అమ్మమ్మ సంగతి నాన్నకు చెప్పవద్దని. మిస్ అడెల్‌కు అది హాస్యాస్పదంగా తోచింది. ఈ గోడ మీద నలభై ఒక్క ఇళ్ళ దుప్పట్ల సంగతులున్నాయి, ఒక్కటైనా వీధిలోకి పోయిందా అని అడిగింది. బట్టలుతికేవాళ్ళ ఇంట్లో రహస్యం ఒలకదంది.

మర్నాడు పదింటికి ముగ్గురు వచ్చారు. పియానో ముందు ఒక నిమిషం, గోడ ముందు యాభై నిమిషాలు ఉన్నారు. వారిలో కళ్ళజోడు పెట్టుకున్నాయన కిటికీ పక్క తెల్లటి భాగమేమిటని అడిగాడు. అమ్మ నా వెనక నిలబడి ఉంది. “మా చుట్టం ఒకామె క్రిస్మస్‌కు సున్నం వేసింది,” అంది మిస్ అడెల్. ఆయన నవ్వాడు, రాసుకోలేదు. ఆయన రాసుకోలేదన్నది నేను రాసుకున్నాను. ఇల్లు నిలిచింది. రోడ్డు ఒక వీధి అవతలికి జరిగింది. అక్కడ గోడ మీద గుర్తులు లేని పదకొండు ఇళ్ళు పోయాయి. మిస్ అడెల్ వరండాలో కూర్చుని ఆ కూల్చివేత చప్పుడు విన్న రోజులు కూడా నా నోటుబుక్కులో ఉన్నాయి. మరుసటి సంవత్సరం నాన్నకు అట్లాంటాలో ఉద్యోగం వచ్చింది. మిస్ అడెల్ ఉత్తరాలు ఐదేళ్ళు వచ్చి ఆగిపోయాయి. అమ్మ మా సంఘంలో ‘మాస్టారుగారమ్మాయి’గా పెద్దదయింది. ఎవరైనా ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడిగితే, ఆమె కథ వాళ్ళ నాన్న దగ్గరే మొదలయ్యేది, అంతకు వెనక్కి వెళ్ళేది కాదు. నాన్న ఎనిమిదేళ్ళ క్రితం పోయారు.

ఆ రెండో శనివారం మాకు ఇల్లు చూపించినామె పేరు ఇమాని. చదువుకుంటున్న నల్లజాతి అమ్మాయి, ఇరవై రెండేళ్ళుంటాయి. ప్రతి వస్తువునూ తన ఇంట్లోదన్నంత ప్రేమతో చెప్పింది. వెనకగదికి వచ్చేసరికి గొంతు తగ్గించి, ముప్పై ఎనిమిది గుర్తులు, ముప్పై ఎనిమిది ఇళ్ళు అంది. నలభై ఒకటి అన్న మాట నా నాలుక చివర ఉంది. తరువాత కిటికీ పక్క తెల్లటి భాగం చూపించింది. దానికి వేరే దీపం పెట్టారు. అందులో సన్నటి నీలిఛాయ గమనించారా అని పిల్లలను అడిగి, వరండా పైకప్పులాగే ఇది కూడా దయ్యాలను ఆపడానికి లూసిండాయే స్వయంగా కలిపి పూసినదని నమ్ముతున్నామని చెప్పింది. పిల్లలు ఫోటోలు తీశారు. నేను నోరు తెరిచాను. అమ్మ వేళ్ళు నా మోచేతిని పట్టుకున్నాయి. నోరు మూసుకున్నాను. ఈ దేశంలో నేను సవరించకుండా వదిలేసిన తప్పు ఇదొక్కటే అవుతుందనుకున్నాను.

ఇమాని తరువాతి గదికి కదలబోతుంటే, అమ్మ నా మోచేయి వదిలి, చేతికర్ర ఒకసారి నేలకు తాటించింది.

“దయ్యాలక్కాదమ్మా,” అంది, తనకొచ్చిన ఇంగ్లీషులో. “క్రిస్మస్‌కి. నేను వేశాను.”

ఇమాని మర్యాదగా నవ్వింది, అర్థం కాక. అమ్మ అప్పుడు ఆమె వైపు కాదు, మా వాళ్ళ వైపు తిరిగింది. తెలుగులో చెప్పింది. “మా అమ్మమ్మ చాకల్ది. రేపల్లె పక్క ఊళ్ళో ఇంటింటికీ బట్టలుతికేది. ఆ సిగ్గుతో నేను ఈవిడ గోడ కప్పేశాను. దాని కింద ఇంకా మూడున్నాయి.” ఆ తరువాత నాతో, నలభై నాలుగేళ్ళ క్రితం అన్నట్టే, “చెప్పవే, ఆ అమ్మాయికి చెప్పు,” అంది.

అదే గదిలో అదే మాటను నేను రెండోసారి ఇంగ్లీషులోకి మార్చాను. పదకొండేళ్ళప్పుడు ఒక్క మాట దగ్గరే తడబడ్డాను. ఈసారి ప్రతి మాట దగ్గరా. ఇమాని చేతిలోని అట్టముక్క వెనక రాసుకోవడం మొదలుపెట్టింది. రాసుకుంటున్నదని చూసి నాకు ఊపిరి తేలికైంది. నా నోటుబుక్కు గురించి చెప్పాను. ఆ మూడూ ఎలా ఉండేవని ఆమె ఆశగా అడిగింది. నా దగ్గర సంఖ్య మాత్రమే ఉందని ఒప్పుకోవలసి వచ్చింది.

మా వాళ్ళలో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాయాలి. పెద్దలలో ఒకరు ఫోన్ తీసి చూసుకోసాగారు, ఎవరో రాయను. పాస్టరమ్మగారు వచ్చి అమ్మ చేతిసంచి తన భుజాన వేసుకుని, కుర్చీ ఉందా అని ఇమానిని అడిగారు. పిల్లల్లో పెద్దదైన కెజియా, “గ్రానీ, చాకలి అంటే ఏంటి? లాండ్రీ బిజినెస్సా? దట్స్ సో కూల్,” అంది. అమ్మ బిజినెస్ కాదంది. మరేమిటంది కెజియా. అమ్మ చెప్పడానికి ప్రయత్నించింది. ఊరి పేరు చెప్పింది, వాకిలి దగ్గర నిలబడటం చెప్పింది, అన్నం చేతికి అందించకుండా పైనుంచి వేయడం చెప్పింది. పిల్ల అడిగినకొద్దీ చెప్పడం కష్టమైంది. ఆమె అరవై ఏళ్ళు గుండెమీద మోసిన మాట ఆ తొమ్మిదిమందిలో ఒక్కరికీ తెలియదు. దాచడానికి పడ్డ కష్టం ఒక ఎత్తు, అది ఎందుకు దాచవలసి వచ్చిందో ఇప్పుడు వివరించే కష్టం ఇంకొక ఎత్తు. ఆ రోజులకూ ఈ రోజులకూ మధ్య ఉన్న దూరాన్ని నేను చాలా విధాలుగా కొలిచాను; ఇంత కచ్చితంగా ఎప్పుడూ కొలవలేదు. ఈ మరుపును లాభమనాలో నష్టమనాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో అమ్మ కిటికీ పక్క కూర్చుంది. నాన్నకు చెప్పి ఉండాల్సిందని ఒకసారి అంది. ఆయన తప్పుపట్టేవారు కాదని ఇద్దరికీ తెలుసు, అందుకే చెప్పడం ఆలస్యమైపోయిందని బాధ. నేను నోటుబుక్కు తీసి ఆ రోజు పేజీలో పైన మెట్లు ఏడు అని, కింద గోడ మీద ముప్పై ఎనిమిది, సున్నం కింద మూడు అని రాస్తున్నాను. అమ్మ అటు తొంగిచూసి, ఇంకోటి కూడా రాయమంది.

“నలభై నాలుగేళ్ళయింది. పెచ్చు ఊడలేదు, తెలుపు మాయలేదు, చూశావా?” అంది. “నీలం కొలత సరిగ్గా పడిందే.”